భోజనశాలలో కొవ్వు – ప్రభుత్వ ధర్మం

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరుకు వచ్చే బాటసారులకు అన్నం పెట్టే ఘట్టం ప్రసిద్ధమైనది. వానకాలంలో ఒక వంట, ఎండకాలంలో ఒక వంట, చలికాలంలో మరొక వంట. ఏ ఋతువులో ఏ పదార్థం ఒంటికి హితమో ఎరిగి ఆ భాగవతోత్తముడు వడ్డన చేయించాడు. చలికాలపు విస్తరిలో కాగిన నేతికి ప్రత్యేక స్థానం ఉన్నది. ఆ నెయ్యి ఎక్కడిది, అందులో ఏమి కలిసింది అని అతిథులలో ఒక్కడైనా అడిగినట్లు కవి చెప్పలేదు. ఆ గృహస్థు ముఖమే వారికి ప్రమాణం.

నేడు పట్టణాలలో నివసించేవారిలో అనేకులు వారానికి రెండుమూడు పూటలైనా హోటల్లోనో, బేకరీలోనో, కళాశాల క్యాంటీనులోనో తింటున్నారు. వండేవాడెవరో తినేవానికి తెలియదు. తినేవాని గుండె ఎట్లున్నదో వండేవానికి తెలియదు. ఇద్దరి నడుమ మిగిలినది బిల్లు ఒక్కటే. ఇట్టి స్థితిలో భోజనశాల బాణలిలో ఏ కొవ్వు వాడాలో, ఏది వాడరాదో ప్రభుత్వం నిర్ణయించవచ్చునా? తినడం మనిషి సొంత వ్యవహారం కదా, అందులో చట్టానికి చోటెక్కడిది? ఈ ప్రశ్నలు ఇరవయ్యొకటవ శతాబ్దపు తొలి దశకంలో కొన్ని దేశాలలో తీవ్రమైన వాదోపవాదాలకు కారణమైనాయి. ఆ వాదానికి కేంద్రమైన పదార్థం ట్రాన్స్ కొవ్వు. తెలుగువారి వంటింటికి దాని పేరు కొత్త కావచ్చు గాని, రూపం కొత్తది కాదు. పసుపుపచ్చని డబ్బా మీద తాటిచెట్టు బొమ్మతో వచ్చిన డాల్డా గుర్తున్నవారికి అది బాగా తెలిసినదే.

నూనె సహజంగా ద్రవం. దాని అణువులలోని కార్బను గొలుసులు ద్విబంధాలున్న చోట వంగి ఉంటాయి. వంకర కట్టెలు మోపులో ఇమడనట్లు అవి ఒకదానితో ఒకటి పొందికగా ఇమడవు. అందుచేతనే నూనె గడ్డకట్టదు. వేడి నూనెలోనికి నికెల్ ఉత్ప్రేరకం సహాయంతో హైడ్రోజన్ వాయువును పంపితే కొన్ని ద్విబంధాలు తొలగిపోతాయి. ఈ ప్రక్రియను మధ్యలో ఆపితే, మిగిలిన ద్విబంధాలలో కొన్ని తమ అమరికను మార్చుకొని గొలుసును నిటారుగా చేస్తాయి. ఈ మారిన అమరికకే ట్రాన్స్ అని పేరు. నిటారైన గొలుసులు దగ్గర దగ్గరగా చేరి, నూనె వెన్నవలె గట్టిపడుతుంది. అట్లా తయారైన కొవ్వు త్వరగా మక్కదు, నెలల తరబడి నిలువ ఉంటుంది, మళ్ళీ మళ్ళీ కాచినా త్వరగా చెడదు, బిస్కట్టుకు కరకరలాడే గుణాన్నీ, పఫ్‌కు పొరలు పొరలుగా విడివడే గుణాన్నీ ఇస్తుంది. అన్నిటికంటె ముఖ్యంగా నెయ్యికంటె, వెన్నకంటె చౌక.

ఈ పద్ధతికి జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ నార్మన్ 1902లో పేటెంటు పొందాడు. 1911లో అమెరికాలో క్రిస్కో అనే పేరుతో ఇది వంటింటిలో ప్రవేశించింది. 1930వ దశకంలో మన దేశంలో వనస్పతి తయారీ విస్తరించి, డాల్డా అనే మాట ఆ వస్తువుకే పర్యాయపదమైనది. పెళ్ళివారి వంటలలో, మిఠాయి దుకాణాలలో, హోటళ్ళలో నేతికి బదులు అది నిలిచింది.

వనస్పతిని నిషేధించాలన్న కోరిక మన దేశంలో చాలా పాతది. గాంధీజీ దానిని వ్యతిరేకించారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో ఆ విషయం పార్లమెంటులో కూడా చర్చకు వచ్చింది. అయితే నాటి ఆందోళనలో ప్రధానమైనది నేతిలో కల్తీ. చూడడానికి నేతివలె ఉండే వనస్పతిని నేతిలో కలిపి అమ్మేవారు. దానిని పట్టుకోవడానికి ప్రభుత్వం ఒక చమత్కారమైన ఉపాయం చేసింది. వనస్పతిలో నూటికి 5 పాళ్ళు నువ్వులనూనె విధిగా చేర్చాలని నియమం పెట్టింది. నువ్వులనూనె కొన్ని రసాయనాలతో కలిసినప్పుడు ఎర్రని రంగునిస్తుంది. నేతిని పరీక్షించినప్పుడు ఆ రంగు వచ్చిందంటే అందులో వనస్పతి కలిసినట్లే. నిజానికి ఈ దృష్టి కౌటిల్యుని కాలం నాటిది. అర్థశాస్త్రంలోని కంటకశోధనాధికరణం ధాన్యం, స్నేహం, క్షారం, లవణం, గంధం, ఔషధం మొదలైన వాటిలో అదే రంగు గల వేరొక వస్తువును కలిపిన వర్తకునికి 12 పణాల దండన విధించింది. ఇక్కడ స్నేహమంటే నూనె, నెయ్యి మొదలైన చమురు పదార్థాలు. సంస్కృతంలో చెలిమికీ, చమురుకూ ఒకే మాట ఉండడం ఆలోచించదగిన విశేషం.

కల్తీని శిక్షించడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. అక్కడ మోసం ఉన్నది. వస్తువు కల్తీ కాకుండా, తన పేరుతో తాను అమ్ముడుపోతూ, నిదానంగా ప్రాణానికి ముప్పు తెచ్చేదైతే ఏమి చేయాలన్నది వేరొక సమస్య. కౌటిల్యుని దండన దానికి చాలదు.

ఆ ముప్పును మొదట గుర్తించినవారిలో ఫ్రెడ్ కమ్మెరో ముఖ్యుడు. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ ఆచార్యుడు, హృద్రోగంతో మరణించినవారి ధమనులలో ట్రాన్స్ కొవ్వు ఉన్నదని 1957లోనే ప్రకటించాడు. ఆయన మాటను పట్టించుకున్నవారు అతి తక్కువ. ఆ దశాబ్దాలలో వైద్యలోకం దృష్టి అంతా జంతుసంబంధమైన కొవ్వులపై ఉండినది. వెన్న మాని మార్గరిన్ తినుమని వైద్యులే సలహా చెప్పేవారు. ప్రజారోగ్యం కోరి పనిచేసే సంస్థలు కూడా పశువుల కొవ్వును విడిచిపెట్టుమని భోజనశాలలపై ఒత్తిడి తెచ్చాయి. మెక్‌డొనాల్డ్స్ సంస్థ 1990లో ఎద్దు కొవ్వును మాని వృక్షసంబంధమైన నూనెకు మారింది. ఆ నూనెలలో ట్రాన్స్ కొవ్వు ఉన్నదన్న ఆలోచన అప్పటికి చాలామందిని కలవరపెట్టలేదు.

అదే 1990లో హాలెండు పరిశోధకులు మెన్సింక్, కటాన్ ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. ట్రాన్స్ కొవ్వు రక్తంలో చెడ్డ కొలెస్టరాలును పెంచుతుంది. అంతటితో ఆగక మంచి కొలెస్టరాలును తగ్గిస్తుంది. వెన్నలోని సంతృప్త కొవ్వు మొదటి హానిని మాత్రమే చేస్తుంది. ఇది రెండు వైపులా దెబ్బతీస్తుంది. 2006లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, ఆహారం ద్వారా లభించే శక్తిలో కేవలం 2 శాతం ట్రాన్స్ కొవ్వు నుండి వచ్చినా హృద్రోగ ప్రమాదం సుమారు 23 శాతం పెరుగుతుంది. రోజుకు 2,000 క్యాలరీలు తినే మనిషికి ఈ 2 శాతమంటే నాలుగున్నర గ్రాములకు మించదు. చెంచాడైనా కాదు.

తొలి చట్టం డెన్మార్కుది. ఏ నూనెలోనైనా, కొవ్వులోనైనా పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వు నూటికి 2 పాళ్ళకు మించరాదని ఆ దేశం 2003లో శాసించింది. ఆ తరువాత పరిశోధకులు వివిధ దేశాలలో ఒకే సంస్థకు చెందిన భోజనశాలలనుండి వేయించిన ఆలుగడ్డలు, కోడిమాంసం తెచ్చి పరీక్షించారు. డెన్మార్కులో కొన్న పళ్ళెంలో ట్రాన్స్ కొవ్వు నామమాత్రం. ఇతర దేశాలలో కొన్నవాటిలో దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. పేరు ఒకటే, రుచి ఒకటే. చట్టమున్న చోట మంచి నూనె వాడగలిగిన సంస్థ, చట్టం లేని చోట వాడలేదు. వర్తకుని విచక్షణకే విడిచిపెడితే చాలునన్న వాదానికి ఇంతకంటె స్పష్టమైన సమాధానం దొరకడం కష్టం.

న్యూయార్కు నగరంలో జరిగిన కథ ఇంకా ఆసక్తికరమైనది. మైకేల్ బ్లూంబర్గ్ మేయరుగా, థామస్ ఫ్రీడెన్ ఆరోగ్యశాఖాధికారిగా ఉన్న కాలమది. 2005లో ఆ నగర ఆరోగ్యశాఖ మొదట నిషేధం మాట ఎత్తలేదు. దాదాపు 20,000 భోజనశాలలకు లేఖలు వ్రాసి, ట్రాన్స్ కొవ్వును స్వచ్ఛందంగా విడిచిపెట్టుమని కోరింది. వంటవారికి శిక్షణ ఇచ్చింది. ప్రచారానికి ముందు పరిశీలించినప్పుడు సుమారు సగం భోజనశాలలు దానిని వాడుతున్నాయి. ప్రచారం ముగిసిన తరువాత పరిశీలించినప్పుడూ సుమారు సగమే వాడుతున్నాయి. ఒక ఏడాది హితబోధ ఫలితమిది. ఉపదేశానికి విలువ లేదని చెప్పడం ఉపాధ్యాయ వృత్తిలోనివారికి రుచించదు గాని, ఈ అంకెలను కాదనడం సాధ్యం కాదు.

2006 డిసెంబరు 5న నగర ఆరోగ్యమండలి నిషేధాన్ని ఆమోదించింది. వేయించడానికి వాడే నూనెలకు 2007 జులై 1 గడువు. కేకులు, రొట్టెలు మొదలైన వాటికి వేరే కొవ్వు వెదకడం కష్టం కాబట్టి వాటికి మరొక ఏడాది గడువు. ఒక్కొక్క వడ్డనలో అర గ్రాముకంటె తక్కువ ఉండాలన్నది కొలత.

నాడు వినిపించిన అభ్యంతరాలను తేలికగా తీసివేయరాదు. ప్రభుత్వం దాది వలె ప్రజల నోటి దగ్గర చెయ్యి పెడుతున్నదని కొందరు ఎత్తిపొడిచారు. చిన్న హోటళ్ళు దివాలా తీస్తాయని కొందరు భయపెట్టారు. అన్నిటికంటె బలమైన ఆక్షేపణ వేరొకటి ఉన్నది. నిన్న పశువుల కొవ్వు మాని ఈ కొవ్వు వాడుమన్నది శాస్త్రమే. నేడు దీనిని మానుమంటున్నదీ శాస్త్రమే. రేపు మరొక మాట చెప్పదని పూచీ ఏమిటి? మాటిమాటికీ మారే సలహాను శాసనంగా మార్చడం వివేకమా? ఈ ప్రశ్నలో నిజాయితీ ఉన్నది. దానికి సమాధానం సాక్ష్యపు బరువులోనే వెదకాలి. వెన్నను గురించిన పాత సలహా, కొవ్వు రకాల నడుమ తారతమ్యాన్ని గురించినది. ట్రాన్స్ కొవ్వు సంగతి అట్లా కాదు. దానివల్ల శరీరానికి ఫలానా మేలు ఉన్నదని దాని తయారీదారులు కూడా చెప్పలేకపోయారు. ఏ మేలూ లేనిది, హాని చేస్తుందని పలు దేశాల పరిశోధనలు ఏకకంఠంతో చెప్పినది, బదులుగా వేరొక నూనె సులభంగా దొరికేది – ఈ మూడు లక్షణాలూ ఒక్కచోట కలిసిన పదార్థాలు అరుదు.

ఇక స్వేచ్ఛ మాట. ఎంపిక చేసుకోవడానికి ముందు తెలుసుకోవడం అవసరం. అమెరికాలో 2006 జనవరి నుండి పొట్లాలలో అమ్మే పదార్థాలపై ట్రాన్స్ కొవ్వు పరిమాణాన్ని ముద్రించడం తప్పనిసరి అయినది. భోజనశాల పళ్ళేనికి అట్టి ముద్ర ఉండదు. చూపుకు గాని, వాసనకు గాని, నాలుకకు గాని ఆ కొవ్వు ఉన్నదో లేదో అందదు. ఎక్కువ ఉప్పు వేస్తే తినేవాడు గుర్తుపట్టి పళ్ళెం పక్కకు నెడతాడు. తీపి ఎక్కువైతే ఇక చాలంటాడు. తెలియని వస్తువును తినే స్వేచ్ఛ తనకు కావాలని ఎవరూ హోటలు మెట్లు ఎక్కరు. నిషేధం తొలగించినది పునుగునో, బిస్కట్టునో కాదు. వాటి లోపల దాగి ఉన్న ఒక ముడిసరుకును మాత్రమే. వంటకాలన్నీ జాబితాలో ఎప్పటివలెనే ఉన్నాయి.

ఫలితాలు ఎదురుచూసినదానికంటె మెరుగుగా వచ్చాయి. 2008 చివరికి నగరంలో ట్రాన్స్ కొవ్వు వాడే భోజనశాలలు నూటికి రెండైనా మిగలలేదు. త్వరితాహార శాలలలో ఒక్కొక్క కొనుగోలులో సగటున 2.4 గ్రాముల ట్రాన్స్ కొవ్వు తగ్గిందని 2012లో ప్రకటించిన అధ్యయనం తేల్చింది. దాని స్థానంలో వెన్నలోని వంటి సంతృప్త కొవ్వు సుమారు అర గ్రాము మాత్రమే పెరిగింది. కాబట్టి ఒక చెడును తీసి అంతటి మరొక చెడును పెట్టినట్లు కాలేదు. న్యూయార్కు రాష్ట్రంలో నిషేధమున్న కౌంటీలనూ, లేని కౌంటీలనూ పోల్చిన మరొక అధ్యయనం 2017లో వెలువడింది. నిషేధం అమలైన మూడేళ్ళు దాటిన తరువాత, గుండెపోటు, పక్షవాతాలతో ఆసుపత్రులలో చేరేవారి సంఖ్య ఆ కౌంటీలలో అదనంగా 6 శాతం మేరకు తగ్గింది.

కమ్మెరో మాత్రం ఊరుకోలేదు. తొంభై నాలుగేళ్ళ వయస్సులో, 2009లో, దేశమంతటా ఈ కొవ్వును నిషేధించుమని అమెరికా ఆహార, ఔషధ సంస్థకు అర్జీ పెట్టాడు. జవాబు రాకపోయేసరికి 2013లో న్యాయస్థానానికి వెళ్ళాడు. పాక్షికంగా హైడ్రోజనీకరించిన నూనెలను ఇక సురక్షితమైనవిగా పరిగణించబోమని ఆ సంస్థ 2015లో ప్రకటించింది. తన తొలి పరిశోధనకూ ఆ ప్రకటనకూ నడుమ 58 ఏళ్ళు గడిచాయి. 2017లో ఆయన 102 ఏళ్ళ వయస్సులో కన్నుమూశాడు.

ఈ విజయం చూసి ప్రభుత్వాలు ఏది పడితే అది నిషేధించవచ్చునని అనుకుంటే పొరపాటు. అదే న్యూయార్కు ఆరోగ్యమండలి 2012లో తీపి పానీయాల గ్లాసులు సుమారు అర లీటరుకు మించరాదని నియమం చేసింది. అది అమలులోనికి రాకముందే న్యాయస్థానాలు అడ్డుకున్నాయి. ఆ మండలి తన అధికారపు హద్దు దాటిందని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2014లో తీర్పు చెప్పింది. ట్రాన్స్ కొవ్వు విషయంలో జయించిన డెన్మార్కు, 2011 అక్టోబరులో వెన్న, జున్ను, మాంసాలలోని సంతృప్త కొవ్వుపై పన్ను వేసింది. జనం సరిహద్దు దాటి జర్మనీకి, స్వీడనుకు వెళ్ళి వెన్న కొనుక్కున్నారు. పదిహేను నెలలకే ఆ పన్ను రద్దయినది. ఇక్కడి భేదం సూక్ష్మమైనది. తీపి పానీయం తాగేవానికి తాను తాగుతున్నది తీపి అని తెలుసు. వెన్న తినేవానికి అది వెన్న అని తెలుసు. దాని రుచి కోసమే తింటున్నాడు. ఎరిగి చేసే పనిలో మనిషిని నిరోధించడం, ఎరుగని హానినుండి అతనిని కాపాడడం – ఈ రెండింటినీ ఒకే గాటన కట్టరాదు. మొదటిదానికి బోధ, రెండవదానికి శాసనం తగినవి.

మన దేశంలో కథ నెమ్మదిగా నడిచింది. వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు మొదట నూటికి 10 పాళ్ళ వరకు, తరువాత 5 పాళ్ళ వరకు అనుమతించబడింది. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2021 జనవరి నుండి దానిని 3 పాళ్ళకు, 2022 జనవరి నుండి 2 పాళ్ళకు కుదించింది. రెండవ మెట్టులో నూనె డబ్బాలే గాక, వాటితో చేసిన ఆహార పదార్థాలు కూడా ఈ నియమం క్రిందికి వచ్చాయి. హైదరాబాదు ఇరానీ హోటలులో బిస్కట్టు ముంచుకొనే వానికి గాని, విజయవాడ బస్టాండులో ఎగ్ పఫ్ కొనుక్కొనే వానికి గాని ఈ మార్పు తెలియలేదు. తెలియకుండా జరగడమే దాని గొప్పతనం. లక్షలాది హోటళ్ళ వాకిళ్ళలో పోలీసును నిలబెట్టడం జరిగే పని కాదు. నూనె తయారయ్యే కర్మాగారాలు వాటికంటె చాలా తక్కువ; పరీక్ష అక్కడ జరిగితే బాణలి దాకా వచ్చే నూనె చాలావరకు శుద్ధమై వస్తుంది.

ఆహారంపై తెలుగు రాష్ట్రాలలో నిషేధం అపూర్వం కాదు. పచ్చి గుడ్లతో చేసే మయొనైజును తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర ఒక ఏడాదిపాటు నిషేధించింది. తిన్నవారు ఆసుపత్రుల పాలైనందువల్ల ఆ నిర్ణయం వెంటనే వచ్చింది. అక్కడ తిన్న పూటకూ, వాంతి అయిన పూటకూ నడుమ దూరం కొన్ని గంటలు. ట్రాన్స్ కొవ్వు చేసే హాని ఇరవై ముప్ఫై ఏళ్ళకు గాని బయటపడదు. అప్పటికి ఏ హోటలు, ఏ పూట, ఏ పళ్ళెం అని చెప్పగల ఫిర్యాదుదారు ఉండడు. గుండెపోటు వచ్చినవానికి తన పూర్వజన్మ పాపమో, తండ్రి తాతలనుండి వచ్చిన జబ్బో కారణమని తోస్తుంది. ఫిర్యాదు చేసేవాడు లేనంతమాత్రాన నేరం లేకపోలేదు. కనబడని బాధితుని పక్షాన మాట్లాడవలసిన పని ప్రభుత్వానిది. అది ఆ పని చేయకపోతే చేసేవారు మరొకరు లేరు.

అయినా చట్టం చేరలేని చోటు ఒకటి మిగిలి ఉన్నది. ఒకే నూనెను పదే పదే కాచినప్పుడు అందులో హానికరమైన ధ్రువీయ పదార్థాలు పెరుగుతాయి. ఇది కర్మాగారంలో పుట్టే దోషం కాదు, బాణలిలో పుట్టేది. అవి నూటికి 25 పాళ్ళు దాటిన నూనెను వాడరాదని 2018 జులై నుండి నియమం ఉన్నది. వాడిన నూనెను సేకరించి బయోడీజిలుగా మార్చే ఏర్పాటు కూడా అదే ఏడాది మొదలైనది. వేయించడానికి రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేవారు లెక్కలు వ్రాసి ఉంచాలని 2019లో ఆదేశం వెలువడింది. సాయంత్రం నాలుగింటికి వీధి మలుపులో పొయ్యి వెలిగించే మిరపకాయ బజ్జీల బండివాడు మూడు లీటర్ల నూనెతో రాత్రి తొమ్మిది దాకా వ్యాపారం సాగిస్తాడు. మిగిలినది సీసాలో పోసుకొని ఇంటికి తీసుకుపోతాడు. మరునాడు దానిలోనే కొత్త నూనె కలుపుతాడు. పారబోస్తే ఆ రోజు లాభం అంతా అందులోనే పోతుంది. అతడు ఏ లెక్కలోకీ రాడు. అతని సీసా కోసం ఏ సేకరణ వాహనమూ ఆ వీధిలోకి రాదు. అతని బండి చుట్టూ నిలబడి వేడి బజ్జీల కోసం చెయ్యి చాచేవారిలో కళాశాల విద్యార్థులే అధికం.